ముందు వేడి, తర్వాత నీరు, చివర పాలు: చిన్న వన్యక్షీరదాలను కాపాడే పద్ధతి

గూటి నుంచి జారిపడిన ఉడుత పిల్ల గానీ, గడ్డి కోస్తుండగా బయటపడిన కుందేలు పిల్ల గానీ చేతికి దొరికినప్పుడు చాలామంది చేసే మొదటి పని పాలు వెచ్చబెట్టడం. ఆ పిల్ల ప్రాణం తీసేది కూడా తరచూ ఆ పాలే. ఒళ్లు చల్లబడిన పిల్లకు జీర్ణకోశం దాదాపు పనిచేయడం మానేస్తుంది. కడుపులో పడిన పాలు అరగక పులిసి, పొట్ట ఉబ్బి, అప్పటిదాకా ఆకలితోనైనా బతికి ఉన్న ప్రాణి కొన్ని గంటల్లో చనిపోతుంది. అందువల్ల ఈ పనిలో అన్నిటికంటే ముందు వంటబట్టవలసింది ఒక వరుస: మొదట వేడి, ఆ తర్వాత నీరు, చిట్టచివర పాలు. గాయపడిన పెద్ద ప్రాణికీ ఇదే వరుస వర్తిస్తుంది. పాల స్థానంలో దాని సహజాహారం వస్తుంది, అంతే తేడా.

ఉడుతలు, కుందేళ్లు, హెడ్జ్‌హాగ్‌లు (ఒంటిమీద పొట్టి ముళ్లుండే చిన్న ప్రాణులు), గబ్బిలాలు, ఎలుక జాతి జీవులు, అంటే అరచేతిలోనో ఒడిలోనో పట్టే క్షీరదాల గురించే ఇక్కడ చెప్పబోతున్నాను. చాలా దేశాల్లో వన్యప్రాణులను అనుమతి లేకుండా ఇంట్లో ఉంచుకోవడం చట్టరీత్యా నేరం. కాబట్టి ప్రాణిని వెచ్చని పెట్టెలో పెట్టిన వెంటనే అటవీ శాఖకో, గుర్తింపు పొందిన వన్యప్రాణి పునరావాస కేంద్రానికో, వన్యప్రాణులను చూసే అలవాటున్న పశువైద్యుడికో ఫోన్ చేయాలి. ఆ సహాయం అందేలోపు చేయవలసిన పనులు కొన్ని, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో వారాల తరబడి సాగే పనులు మరికొన్ని. మొదటివి ఎవరైనా చేయగలరు, చేయాలి కూడా. రెండోవి నేర్చుకుని చేయవలసినవి.

అసలు అది అనాథేనా?

ఒంటరిగా కనిపించిన పిల్ల అనాథ అయి ఉంటుందన్న తొందరపాటు వల్ల, తల్లి ఉన్న పిల్లలెన్నో తల్లికి దూరమవుతున్నాయి. చిన్న క్షీరదాల్లో చాలావాటికి పిల్లలను ఒంటరిగా వదలడమే రక్షణ వ్యూహం. చెవులపిల్లుల్లో పొలాల్లో తిరిగే పెద్ద జాతుల పిల్లలు పుట్టుకతోనే ఒంటినిండా బొచ్చుతో, తెరిచిన కళ్లతో పుడతాయి. తల్లి వాటిని గడ్డిలో విడివిడిగా దాచి, రోజుకు ఒకసారి, సాధారణంగా సూర్యాస్తమయం తర్వాత వచ్చి పాలిచ్చి వెళ్లిపోతుంది. బొరియల్లోనో గడ్డి గూళ్లలోనో ఈనే కుందేళ్లు కూడా పిల్లల దగ్గర రోజుకు కొద్ది నిమిషాలకు మించి గడపవు. తన వాసన పట్టుకుని వేటజంతువు గూటిదాకా రాకుండా ఉండాలంటే తల్లి దూరంగా ఉండటమే మేలు. పగలంతా కదలకుండా ముడుచుకుని పడుకున్న కుందేలు పిల్ల దిక్కులేనిది కాదు, తల్లి చెప్పిన చోట ఉన్నదన్నమాట.

కుందేలు గూడు చెదిరితే పిల్లలను తిరిగి అందులోనే పెట్టి, తల్లి పీకి పరిచిన బొచ్చునూ గడ్డినీ వాటిపై కప్పి, పైన రెండు మూడు సన్నని దారాలను అడ్డదిడ్డంగా పరచాలి. మర్నాడు ఉదయం దారాలు పక్కకు జరిగి, పిల్లల పొట్టలు గుండ్రంగా ఉన్నాయంటే తల్లి వచ్చి వెళ్లినట్టే. దారాలు కదలక, పొట్టలు లోపలికి పీక్కుపోయి, చర్మం ముడతలు పడి కనిపిస్తే మాత్రం జోక్యం చేసుకోవాలి.

ఉడుత విషయం వేరు. ఉడుత తల్లికి సాధారణంగా ఒకటికి మించి గూళ్లుంటాయి. జారిపడిన పిల్లను నోట కరచుకుని మరో గూటికి చేర్చుకోగలదు. గాయమేమీ లేని పిల్లను ముందుగా వెచ్చబరచి, మూతలేని చిన్న బుట్టలో మెత్తని గుడ్డమీద పెట్టి, గుడ్డ అడుగున గోరువెచ్చని నీటి సీసా ఉంచి, ఆ బుట్టను అదే చెట్టు మొదట్లో గానీ, అందినంత ఎత్తులో కొమ్మకు గానీ కట్టాలి. తరువాత మనుషులూ కుక్కలూ పిల్లులూ అటువైపు రాకుండా చూసి, దూరంగా నిలబడి గమనించాలి. పిల్ల అరుపు తల్లికి వినిపించడం ముఖ్యం, కాబట్టి బుట్టను కప్పేయకూడదు. చాలా ఉడుతలు పగటి జీవులు. చీకటి పడితే తల్లి రాదు. సాయంత్రం వరకు రాకపోతే పిల్లను లోపలికి తెచ్చుకుని, మర్నాడు తెల్లవారాక ఇంకోసారి ప్రయత్నించవచ్చు. మనిషి చేతి వాసన తగిలితే తల్లి పిల్లను వదిలేస్తుందన్న మాట ఇంటింటా వినిపిస్తుంది గానీ, క్షీరదాల విషయంలో దానికి ఆధారం లేదు. ఆ భయంతో పిల్లను తిరిగి గూటికి చేర్చకుండా ఇంటికి తెచ్చుకోవడమే అసలు నష్టం.

మరి ఎప్పుడు తప్పనిసరిగా చేతిలోకి తీసుకోవాలి? రక్తం కారుతున్నా, కాలు వేలాడుతున్నా, పిల్లి లేదా కుక్క నోట పడినా, ఒంటిమీద ఈగలు వాలి గుడ్లు పెట్టినా, చనిపోయిన తల్లి పక్కన దొరికినా, ముట్టుకుంటే ఒళ్లు చల్లగా తగిలినా ఆలస్యం చేయకూడదు. రాత్రిపూట తిరిగే హెడ్జ్‌హాగ్ పట్టపగలు ఆరుబయట తూలుతూ నడుస్తుంటే అది ఎండ కాగుతున్నదనుకోవద్దు. అది జబ్బుపడినట్టో, ఒళ్లు చల్లబడినట్టో లెక్క. నేలమీద పడి ఉన్న గబ్బిలమూ అంతే.

చేతిలోకి తీసుకునే ముందు

మీ భద్రత ముందు. గబ్బిలాలు, ముంగిసలు, నక్క జాతి జీవులు రేబిస్ వైరస్‌ను మోసే అవకాశం ఉన్నవి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం. గబ్బిలం పళ్లు సూదుల్లా ఉంటాయి, కరిచిన గుర్తు కూడా కనిపించకపోవచ్చు. అందుచేత గబ్బిలాన్ని వట్టి చేతులతో ఎన్నడూ తాకకూడదు. దళసరి చేతితొడుగులతో, లేదా దానిపై డబ్బా బోర్లించి, కింద నుంచి అట్టముక్క జరిపి ఎత్తాలి. కాటు పడినా, గీరుకున్నా, లాలాజలం పుండుమీద పడినా ఆ చోటును సబ్బుతో, ధారగా పడే నీళ్లకింద కనీసం 15 నిమిషాలు కడిగి, అదే రోజు వైద్యుడి దగ్గరకు వెళ్లి టీకా విషయం మాట్లాడాలి. ఈ పనిని తరచూ చేసేవారు ముందుగానే రేబిస్ టీకా వేయించుకుంటారు. వేయించుకోనివారు ఈ జాతులను ముట్టకపోవడమే మంచిది. కుందేళ్లు, ఎలుక జాతి జీవుల్లో రేబిస్ చాలా అరుదు. అయితే ఎలుక జాతి మూత్రం ద్వారా లెప్టోస్పైరోసిస్ అనే బాక్టీరియా జబ్బు, హెడ్జ్‌హాగ్ ముళ్లనుంచి తామర అంటుకోగలవు కాబట్టి ప్రతి ప్రాణి దగ్గరా పలుచని గ్లవ్స్, పని ముగిశాక చేతులు కడుక్కోవడం తప్పనిసరి.

భయపడిన అడవి ప్రాణి మన కళ్లకు ఎంత సాధువుగా కనిపించినా, చేతిలో కదలకుండా పడి ఉండటం నమ్మకానికి గుర్తు కాదు. తినబోయే జంతువు నోట్లో ఉన్నప్పుడు ఎలా బిగుసుకుపోతుందో మీ చేతిలో అలాగే బిగుసుకుపోయింది. పెద్ద ఉడుతను పట్టుకోవలసి వస్తే మందపాటి తువ్వాలును తల కప్పేలా వేసి, చుట్టి ఎత్తాలి. కళ్లు కప్పి చీకటి చేయగానే చాలా ప్రాణులు నెమ్మదిస్తాయి. కుందేలును ఎత్తేటప్పుడు వెనుక భాగానికి చేయి ఆనించి ఒంటికి దగ్గరగా పట్టుకోవాలి. వెనుక కాళ్లను ఊతం లేకుండా వేలాడనిస్తే, అది విదిలించే తన్నుకు దాని వెన్నెముకే విరగవచ్చు.

పెట్టెగా అట్టపెట్టె చాలు. గాలి రంధ్రాలు ప్రాణిని అందులో పెట్టకముందే, లోపలి నుంచి బయటికి పొడవాలి. అలా చేస్తే చిరిగిన అంచులు లోపల మిగలవు. అడుగున పరచడానికి ఉచ్చులు లేని మెత్తని ఫ్లీస్ గుడ్డ కావాలి. తువ్వాళ్లలోని దారపు ఉచ్చుల్లో చిన్న పిల్లల గోళ్లు చిక్కుకుంటాయి, దారం వేలికి చుట్టుకుని రక్తప్రసరణ ఆగిన సందర్భాలూ ఉన్నాయి. మూత పెట్టి, చీకటిగా, నిశ్శబ్దంగా, పెంపుడు జంతువులకు దూరంగా ఉన్న గదిలో ఉంచాలి. తలుపు తీసి చూడటాలు, ఫొటోలు తీయడాలు, పిల్లలకు చూపించడాలు వద్దు. పెట్టెపైన దొరికిన తేదీ, గంట, స్థలం కచ్చితంగా రాయాలి: ఏ చెట్టు, ఏ గట్టు, ఏ గోడ పక్కన అన్నది. కోలుకున్నాక దాన్ని వదలవలసింది అక్కడికే.

వేడి

చిన్న క్షీరదాల ఒంటి వేడి చాలావరకు 37 నుంచి 39 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది, కుందేళ్లకు ఇంకాస్త ఎక్కువే. మన అరచేతి చర్మం అంతకన్నా చల్లగా ఉంటుంది. కాబట్టి ఆరోగ్యంగా ఉన్న పిల్ల మన చేతికి వెచ్చగా తగలాలి. చల్లగానూ వెచ్చగానూ కాక మన చేతిలాగే తగిలిందంటే, అది ఇప్పటికే కొన్ని డిగ్రీలు పడిపోయినట్టు అర్థం. రాయిలా చల్లగా, నోరు తెరుచుకుని, కదలిక లేకుండా ఉన్న పిల్లను చనిపోయిందని వదిలేయవద్దు. పొట్ట దగ్గర కళ్లు పెట్టి ఒక నిమిషం చూడండి. ఎక్కడో ఒక్క శ్వాస కదిలితే దాన్ని బతికించే అవకాశం ఉంది.

వెచ్చబరచడం నెమ్మదిగా సాగాలి. గోరువెచ్చటి నీళ్లు నింపిన సీసాను గుడ్డలో చుట్టి పక్కన పెట్టడం సులువైన మార్గం. అయితే సీసా గంట రెండు గంటల్లో చల్లారుతుంది, చల్లారిన సీసా ప్రాణి ఒంట్లోని వేడినే లాగేస్తుంది. కాబట్టి నీళ్లు మార్చే గడియారం పెట్టుకోవాలి. హీటింగ్ ప్యాడ్ ఉంటే తక్కువ వేడి మీద, పెట్టె బయట అడుగున, సగభాగానికి మాత్రమే తగిలేలా పెట్టాలి. మిగతా సగం మామూలుగా ఉంటే, వేడెక్కువైనప్పుడు పాకి పక్కకు వెళ్లే దారి ప్రాణికి మిగులుతుంది. బొచ్చు రాని గులాబీ రంగు పిల్లల చుట్టూ గాలి వేడి 32 నుంచి 35 డిగ్రీల వరకు ఉండాలి. బొచ్చు వచ్చి కళ్లు తెరవనివాటికి 27 నుంచి 29 చాలు. పెట్టెలో చిన్న థర్మామీటర్ పెట్టుకుంటే ఊహించవలసిన అవసరం ఉండదు. వేడి చాలకపోతే పిల్లలు ఒకదానిమీద ఒకటి గుట్టగా పోగవుతాయి, ఎక్కువైతే విడివిడిగా కాళ్లు బారచాపి నోటితో ఊపిరి పీలుస్తాయి. దీపం కింద పెట్టడం, వేడినీళ్లలో ముంచడం, హెయిర్ డ్రయర్‌తో ఊదడం చేయకూడదు. పైపొర కాలుతుంది, లోపల చల్లగానే ఉంటుంది.

నీరు

ఒళ్లు వెచ్చబడ్డాక, అంటే ముట్టుకుంటే మన చేతికి వెచ్చగా తగిలి, పిల్ల కదలడం మొదలుపెట్టాకే నోటికి ఏదైనా ఇవ్వాలి. భుజాల నడుమ చర్మాన్ని రెండు వేళ్లతో మెల్లగా పైకి లాగి వదిలి చూడండి. వెంటనే సర్దుకుంటే ఫరవాలేదు. గుడారంలా నిలబడి రెండు మూడు సెకన్ల తర్వాత గానీ దిగకపోతే ఒంట్లో నీరు తగ్గినట్టు. నోరు తడిమితే జిగురుగా ఉండటం, కళ్లు లోపలికి పోవడం, మూత్రం ముదురు పసుపుగా రావడం కూడా అదే చెబుతాయి.

రుచులూ రంగులూ లేని ఓఆర్‌ఎస్‌ను ప్యాకెట్‌మీద చెప్పిన కొలతతోనే కలిపి, ఒంటి వేడికి సమానంగా వెచ్చబెట్టి, సూది తీసేసిన 1 మిల్లీలీటరు సిరింజితో పెదవి అంచున చుక్క చుక్కగా అందించాలి. మొదటి రెండు మూడు విడతలూ ఇదే, పాలు కలపకుండా. నీరు బాగా తగ్గిన ప్రాణికి నోటిద్వారా ఇచ్చేది చాలదు; చర్మం కిందికి ద్రవాలు ఎక్కించాలి, అది పశువైద్యుడి పని. స్పృహలేని, తల నిలపలేని, మూర్ఛ వస్తున్న ప్రాణి నోట్లో నీటి చుక్క కూడా వేయకూడదు. గాయపడిన పెద్ద ప్రాణి పెట్టెలో లోతైన నీళ్ల గిన్నె పెట్టినా ముప్పే. తూలి అందులో పడుతుంది, లేదా ఒలికిన నీటితో ఒళ్లు తడిసి మళ్లీ చల్లబడుతుంది.

గాయాలు

కారుతున్న రక్తాన్ని శుభ్రమైన గుడ్డతో అదిమి, మధ్యలో ఎత్తి చూడకుండా కొన్ని నిమిషాలు పట్టుకుంటే చాలావరకు ఆగుతుంది. 100 గ్రాముల ప్రాణి ఒంట్లో ఉండేది సుమారు 6 నుంచి 7 మిల్లీలీటర్ల రక్తమేనని గుర్తుంటే, మనకు నాలుగు చుక్కలుగా కనిపించేది దానికి ఎంత నష్టమో తెలుస్తుంది. విరిగిన కాలికి పుల్లలు కట్టే ప్రయత్నం చేయకండి. పెట్టె చిన్నదిగా, అడుగు మెత్తగా ఉండి కదలికలు తగ్గితే అదే అప్పటికి సరైన కట్టు.

పిల్లి నోట పడిన ప్రాణి విషయంలో కంటికి కనిపించేదాన్ని నమ్మకూడదు. పిల్లి కోరపళ్లు సన్నగా ఉండి లోతుగా దిగుతాయి. చర్మం మీది రంధ్రం మూసుకుపోతుంది, బొచ్చు కింద ఏ గుర్తూ ఉండదు. పిల్లుల నోళ్లలో సాధారణంగా నివసించే పాశ్చురెల్లా మల్టోసిడా అనే బాక్టీరియా ఆ రంధ్రంలో చేరి, ఒకటి రెండు రోజుల్లో రక్తం విషమయ్యేలా చేస్తుంది. ఉదయం చలాకీగా ఉన్న ఉడుత మర్నాటి రాత్రికి చనిపోయి ఉండటానికి ఇదే కారణం. గాయం కనిపించినా కనిపించకపోయినా, పిల్లి పట్టిన ప్రతి ప్రాణికీ అదే రోజు యాంటీబయాటిక్ పడాలి. మందు మాత్రం మీరు ఎంచుకోవద్దు. పెన్సిలిన్ తరగతి మందులు నోటిద్వారా ఇస్తే కుందేలు పేగుల్లోని మేలు చేసే సూక్ష్మజీవులు నశించి, ప్రాణాంతకమైన విరేచనాలు పట్టుకుంటాయి. మనుషుల నొప్పి మాత్రలు కూడా ఇవ్వకూడదు. ఇంత చిన్న ఒంటికి ముక్కలో ముక్క కూడా మోతాదు మించుతుంది.

ఈగల గుడ్లు కనిపిస్తే అది గంటలతో పందెం. కనుకొలకుల్లో, చెవుల్లో, చంకల్లో, తోక కింద, గాయపు అంచుల్లో లేత పసుపు రంగు నూక గింజల్లా గుత్తులుగా అతుక్కుని ఉంటాయి. వెచ్చని వాతావరణంలో ఒక రోజులోపే పురుగులై మాంసాన్ని తినడం మొదలుపెడతాయి. పొడిగా ఉన్నప్పుడే సన్నని దువ్వెనతో, పాత టూత్‌బ్రష్‌తో, పట్టకారుతో ఒక్కటీ మిగలకుండా తీయాలి. నీళ్లు పోస్తే బొచ్చుకు మరింత అంటుకుంటాయి, పైగా ప్రాణి చల్లబడుతుంది. కుక్కల పేలమందులు చల్లడం ప్రమాదకరం.

ఎలుకల మందు తిన్నదని అనుమానం ఉంటే, ఇప్పుడు బాగానే ఉంది కదా అని ఊరుకోవద్దు. రక్తం గడ్డకట్టకుండా చేసే మందుల ప్రభావం మూడు నుంచి ఐదు రోజుల తర్వాత లోపలి రక్తస్రావంగా బయటపడుతుంది. పశువైద్యుడు విటమిన్ కె1 ఇస్తే బతికే అవకాశం ఉంది. వెన్నెముక విరిగి వెనుక కాళ్లు పూర్తిగా చచ్చుబడినప్పుడు, లేదా అడవిలో బతకడానికి అవసరమైన అవయవం తిరిగి రాదని తేలినప్పుడు, నొప్పి లేకుండా ప్రాణం తీయించడం కూడా చికిత్సలో భాగమే. దాన్ని బోనులో ఏళ్ల తరబడి బతికించడం దయ అని నేను అనుకోను.

పాలు

ఆవు పాలు, గేదె పాలు వద్దు. ఆవు పాలలో 4.5 నుంచి 5 శాతం వరకు లాక్టోజ్, సుమారు 4 శాతం కొవ్వు ఉంటాయి. కుందేలు పాలలో లాక్టోజ్ 2 శాతం దగ్గర ఉంటే కొవ్వు 10 శాతానికి పైగా ఉంటుంది. అంటే పిల్ల అరిగించుకోలేనిది ఎక్కువ, దానికి కావలసింది తక్కువ. హెడ్జ్‌హాగ్‌కు పాలూ రొట్టే పెట్టే పాత అలవాటు వల్ల విరేచనాలై చనిపోయినవాటికి లెక్కలేదు. కుక్కపిల్లల కోసం తయారయ్యే పొడి ఫార్ములా ఉడుతలకూ హెడ్జ్‌హాగ్‌లకూ సాధారణంగా వాడతారు. కుందేలు పిల్లలకు పిల్లికూనల ఫార్ములా. ఏది ఎంత గాఢంగా కలపాలో పునరావాస కేంద్రం వారు చెప్పినట్టు చేయాలి. కలిపిన పాలను ఫ్రిజ్‌లో ఉంచి, 24 గంటలు దాటితే పారబోయాలి.

ఓఆర్‌ఎస్ విడతలు ముగిశాక ఒకేసారి చిక్కని పాలకు దూకకూడదు. మొదట ఒక వంతు పాలకు మూడు వంతుల ఓఆర్‌ఎస్, తర్వాత సగం సగం, తర్వాత మూడు వంతుల పాలు, అది కూడా అరిగిందని మలం చూసి నిర్ధారించుకున్నాకే పూర్తి పాలు. ఒక విడతకు ఎంత పట్టాలన్నదానికి లెక్క సులువు: 100 గ్రాముల బరువుకు 5 మిల్లీలీటర్లు. 40 గ్రాముల పిల్లకు 2 మిల్లీలీటర్లన్నమాట. ఈ లెక్కకు గ్రాముల్లో తూచే త్రాసు తప్పనిసరి, కంటి అంచనా పనికిరాదు. బొచ్చు రాని పిల్లలకు రెండు మూడు గంటలకోసారి, బొచ్చు వచ్చి కళ్లు తెరవనివాటికి మూడు నాలుగు గంటలకోసారి, కళ్లు తెరిచినవాటికి నాలుగైదు గంటలకోసారి. కుందేలు పిల్లలు దీనికి మినహాయింపు. తల్లి దగ్గర రోజుకు ఒకటి రెండు సార్లే తాగే జీవికి గంటగంటకూ పట్టిస్తే పొట్ట ఉబ్బి చనిపోతుంది. రోజుకు రెండు, మహా అయితే మూడు విడతలు చాలు. అంత జాగ్రత్తగా చూసినా మనిషి చేతిలో కుందేలు పిల్లలు నిలవడం కష్టమే. తల్లి వదిలే మలాన్ని తిని పేగుల్లోకి చేర్చుకోవలసిన సూక్ష్మజీవులు వాటికి ఇక్కడ దొరకవు.

పట్టించే తీరు మీద ప్రాణం ఆధారపడి ఉంటుంది. పిల్లను ఎన్నడూ వెల్లకిలా పడుకోబెట్టకూడదు, మనిషి శిశువులా ఒడిలో వాల్చకూడదు. పొట్ట కిందికి ఉండేలా గుడ్డమీద నిలబెట్టి, తల కాస్త ముందుకు వంచి, రెండు వేళ్లతో దవడల పక్కన ఆనించి పట్టుకోవాలి. సిరింజి వెనుక కాడను నొక్కే చేయి బొటనవేలు ఎంత నెమ్మదిగా కదిలితే అంత మంచిది. ఈ పని మొదలుపెట్టిన కొత్తలో 35 గ్రాముల ఉడుత పిల్ల ఒకటి ముందరి కాళ్లతో సిరింజిని పట్టుకుని ఆబగా పీలుస్తుంటే, ఆకలి తీరుస్తున్నానన్న సంబరంలో నేను బొటనవేలు కాస్త గట్టిగా నొక్కాను. పిల్ల తల ఒక్కసారి వెనక్కి విదిలించింది. ఎడమ ముక్కుపుటం అంచున ఆవగింజంత తెల్లని బుడగ లేచి, పగిలి, మళ్లీ లేచింది. ఆ బుడగ అర్థం పాలు గొట్టం మారి ఊపిరితిత్తుల వైపు వెళ్లాయని. ఆ క్షణంలో సిరింజి తీసేసి, తలను కిందికి వంచి, ముక్కు తుడిచి, దానంతట అది తుమ్మి శ్వాస సర్దుకునే వరకు ఆగాలి. ఆ విడతలో ఇంకేమీ పట్టకూడదు. నేను తుడిచి మళ్లీ పట్టాను. రెండో రోజు ఆ పిల్లను చెవి దగ్గర పెట్టుకుంటే ప్రతి ఊపిరికీ సన్నగా టిక్ టిక్‌మని వినిపించింది. న్యుమోనియా అని తేలి, పది రోజుల యాంటీబయాటిక్ తర్వాత బతికింది. అప్పటినుంచి నేను ప్రతి పిల్లనూ రోజుకోసారి చెవికి ఆనించి వింటాను, ఆబగా తాగేవాటికి సిరింజి చివర సన్నని మొన పెడతాను.

పాలు పట్టే ముందో తర్వాతో మరో పని ఉంది, కొత్తవారు తరచూ మరిచేది ఇదే. కళ్లు తెరవని పిల్లలు చాలావరకు తమంతట తాము మూత్రం, మలం విసర్జించలేవు. తల్లి నాకుతుంటేనే వస్తుంది. గోరువెచ్చని నీటిలో తడిపిన దూదితో తోక కింద భాగాన్ని మెల్లగా, ఒకే దిశలో, నాకినట్టు తుడవాలి. ఈ పని చేయకపోతే మూత్రాశయం ఉబ్బి పగిలిపోవచ్చు. మూతి చుట్టూ అంటిన పాలను కూడా అప్పుడే తుడిచేయాలి, ఎండి గట్టిపడితే బొచ్చు ఊడిపోతుంది.

ఒక నోటుపుస్తకంలో ప్రతి ఉదయం ఒకే వేళకు తూచిన బరువు, పట్టిన పాలు, మలం రంగు రాయాలి. బరువు రోజూ పెరగాలి. ఒక రోజు ఆగితే జాగ్రత్తపడాలి, రెండో రోజూ ఆగినా తగ్గినా వైద్యుడికి చూపించాలి. మలం పలుచనైతే ఒకటి రెండు విడతలు ఓఆర్‌ఎస్ మాత్రం ఇచ్చి, పాలను పలుచన చేసి మళ్లీ మొదలుపెట్టాలి.

ఎదిగే వారాలు

కళ్లు తెరిచి, పళ్లు వచ్చి, గుడ్డ అంచులను కొరకడం మొదలుపెట్టాక ఘనాహారం పరిచయం చేయవచ్చు. ఇక్కడ ఉడుతలకు జరిగే అన్యాయం ఒకటుంది. ఉడుత గింజలు తింటుందని అందరికీ తెలుసు కాబట్టి పొద్దుతిరుగుడు గింజలు, మొక్కజొన్న, బాదంపప్పులే పెడతారు. వీటన్నిటిలో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. ఆ తేడాను పూడ్చడానికి ఒళ్లు తన ఎముకల్లోంచే కాల్షియం తీసుకుంటుంది; కొన్ని వారాల్లో ఎముకలు మెత్తబడతాయి, పిల్ల ఎక్కడానికి ఇష్టపడక వెనుక కాళ్లు ఈడుస్తుంది, చివరికి చిన్నగా దూకినా ఎముకలు విరుగుతాయి. కాల్షియం భాస్వరం నిష్పత్తి రెండుకు ఒకటికి దగ్గరగా ఉండేలా ఆకులు, చిగుళ్లు, సమతులంగా తయారైన గుళికల ఆహారం ముందుగా పెట్టి, గింజలను చివర కొద్దిగా పెట్టాలి. నేరుగా తగిలే ఎండ కూడా కావాలి, కిటికీ అద్దంలోంచి వచ్చేది దీనికి చాలదు.

అడవి ప్రాణిని ఒంటరిగా పెంచడం దానికి చేసే పెద్ద అపకారం. తన జాతి తోడు లేనిది మనిషినే తోడనుకుంటుంది. వేరేచోట అదే వయసు పిల్ల ఉంటే, రెండూ వ్యాధి లేనివని తేలాక, ఒకచోటికి చేర్చాలి. పేరు పెట్టి పిలవడం, భుజాన ఎక్కించుకోవడం, టీవీ చప్పుడు మధ్య ఉంచడం మానాలి. నాకు తెలిసిన మంచి సంరక్షకులు పాలు మానిన పిల్లలతో మాట్లాడరు. గిన్నె పెట్టి, శుభ్రం చేసి, వెళ్లిపోతారు. మీరు బోను దగ్గరికి వస్తే అది కొమ్మచాటుకు పరుగెత్తి తిట్టడం మొదలుపెట్టిందంటే మీ పని సరిగా సాగుతోంది. కుక్కను చూసి భయపడని ఉడుత బయట ఒక్కరోజు కూడా ఉండదు.

వదిలిపెట్టడం

కోలుకున్న పెద్ద ప్రాణిని దొరికిన చోటికే తీసుకెళ్లి తలుపు తీస్తే చాలు. అక్కడి గూళ్లు, నీళ్లు, శత్రువులు దానికి తెలుసు. గబ్బిలాన్ని మాత్రం ముందుగా విశాలమైన మూసిన గదిలో ఆగకుండా పలు నిమిషాలు ఎగరగలుగుతుందో లేదో చూశాకే వదలాలి. పగటి ప్రాణిని ఉదయాన, రాత్రి ప్రాణిని మసక చీకట్లో, వరుసగా రెండు మూడు రోజులు వాన, తీవ్రమైన చలి లేవని చూసి వదలడం మంచిది. చలికాలంలో నిద్రకు పోయే హెడ్జ్‌హాగ్‌కు కనీసం 450 గ్రాముల బరువైనా ఉండాలి, లేకపోతే నిద్రలోనే నిల్వలు అయిపోతాయి.

చేతిలో పెరిగిన పిల్లకు ఈ పద్ధతి చాలదు. దానికి ఊరూ తెలియదు, ఆహారం వెతకడమూ తెలియదు. చెట్ల నడుమ, ఎత్తుగా, ఎండా నీడా రెండూ తగిలే చోట పెద్ద బోను కట్టి, అందులో కొమ్మలు, గూటిపెట్టె పెట్టి, ఒకటి రెండు వారాలు అక్కడే ఉంచాలి. అక్కడి గాలి, శబ్దాలు, అక్కడి ఉడుతల అరుపులు దానికి అలవాటు కావాలి. పెద్ద జాతి ఉడుతలు సాధారణంగా 12 నుంచి 14 వారాల వయసుకు ఈ దశకు వస్తాయి. ఒకరోజు ఉదయం పైన ఉన్న చిన్న తలుపు తీసి, ఎవరూ దగ్గర లేకుండా వెళ్లిపోవాలి. కొన్ని పిల్లలు కొన్ని గంటల్లోనే వెళ్లిపోతాయి. రెండు రోజులు తల మాత్రమే బయటపెట్టి వెనక్కి దూరేవీ ఉంటాయి, వాటిని తరమకూడదు. రాత్రికి తిరిగివచ్చి గూటిపెట్టెలో పడుకోవడం సహజం, కాబట్టి తలుపు తెరిచే ఉంచి, లోపల ఆహారం ముందులాగే పెట్టి, వారం తర్వాత కొద్దికొద్దిగా తగ్గిస్తూ రావాలి. గిన్నెలో పెట్టింది వరుసగా మూడు రోజులు ముట్టకుండా మిగిలి, చీకటి పడ్డాక గూటిపెట్టెలో చేయి పెడితే పరుపు చల్లగా తగిలితే, బోను విప్పేయవచ్చు. గూటిపెట్టెను మాత్రం అక్కడే చెట్టుకు బిగించి వదిలేయాలి.